మోసేవాళ్లను అడగని మంచం

ఇప్పటికీ మా వీధిలో ఎవరైనా ఇల్లు కట్టుకుంటే, గృహప్రవేశానికి ముందు ఒకసారి నా అరుగు దగ్గర ఆగుతారు. "తాతా, మంచం కొయ్యతో చేయించమంటావా, ఇనుముతోనా?" ఒకప్పుడు ఈ ప్రశ్నకు నా దగ్గర గంటసేపు జవాబు ఉండేది. ఇప్పుడు గంటసేపు కూర్చునే నడుము లేదు. నా మోకాళ్లు కొయ్యలాగా కిర్రుమంటాయి, ఇనుములాగా తుప్పు పట్టాయి. జీవితమంతా ఆ రెండిటితో గడిపినందుకు వాటి జబ్బులే నాకు వచ్చాయి గానీ గట్టితనం రాలేదు. చెప్పీ చెప్పీ అలసిపోయి ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు చదువుకుంటే నాకు మాట మిగులుతుంది, వాళ్లకు కొయ్య మిగులుతుంది.

నాయన కొయ్య, మామ ఇనుము

మా నాయన మార్కాపురంలో వడ్రంగి. నాకు పిల్లనిచ్చిన మామ గిద్దలూరులో కమ్మరి. వియ్యంకులిద్దరూ ఒక అరుగు మీద కూర్చుంటే ఇక ఆ రోజు మా ఇంట్లో అన్నం చల్లారిపోవాల్సిందే.

"నీ సుత్తికి పిడి ఏంది బావా, ఇనుమా?" అని నాయన మొదలుపెట్టేవాడు.

"నీ బాడిశకు నోరు ఏంది బావా, కొయ్యనా?" అని మామ అందుకునేవాడు.

"పిడి లేకుంటే నీ ఇనుము నేల మీద పడి ఉంటాది."

"నోరు లేకుంటే నీ చెట్టు అడవిలోనే నిలబడి ఉంటాది."

"ఇద్దరికీ నోరు ఉండాది, అదే వచ్చింది తంటా. లేచి తినండి," అని మా ఆవిడ లోపలి నుంచి కేకేసేది. వాదం అక్కడికి ఆగేది గానీ తెగేది కాదు. నేను ఉద్యోగంలో విన్న వాదాలన్నీ దీనికి కొనసాగింపులే.

రాష్ట్రం ఏర్పడిన కొత్త. మేమింకా కర్నూలు జిల్లాలోనే ఉన్నాం. చేతిపనివాళ్లకు కొత్త పద్ధతులు నేర్పాలని మార్కాపురంలో ఒక వర్కుషాపు పెట్టారు. ఒక చివర కొలిమి, ఇంకో చివర పనిబల్లలు. బల్లలు నాకిచ్చి ఇన్‌స్ట్రక్టరు అన్నారు. కొలిమికి మనిషి కావాలంటే నేనే మామ పేరు చెప్పాను. ఆయన గిద్దలూరు నుంచి పెట్టె సర్దుకుని రైలెక్కి వచ్చి నేరుగా మా ఇంట్లో దిగాడు. ఇల్లరికపు అల్లుణ్ణి చూశాంగానీ ఇల్లరికపు మామను చూడలేదని వీధంతా నవ్వింది. పగలు షాపులో ఆయన సుత్తి మోత, ఇంటికొస్తే ఆయన గురక. రెండిటికీ తాళం ఒకటే.

సూపర్‌వైజరు గారి కుర్చీ

మా పైన ఉన్న సూపర్‌వైజరు గారు కోస్తా నుంచి వచ్చినవాడు. మంచివాడు, ఇనుమంటే ప్రాణం.

"ఏమండీ మేస్త్రిగారూ, ఎన్నాళ్లండీ ఈ చెక్క? అడవి ఎన్నాళ్లని ఇస్తుంది మనకి?" అనేవాడు.

ఆ మాటకు తగ్గట్టు ఒక ఇనుప కుర్చీ చేయించుకున్నాడు. మార్కాపురం ఎండలు ఆయనకు తెలియవు. ఏప్రిల్ నెలలో మధ్యాహ్నం భోంచేసి వచ్చి కూర్చున్నవాడు కూర్చున్నంత వేగంగా లేచాడు. అధికారంలో వేడి ఉంటుందని విన్నాను గానీ కుర్చీలో చూడటం అదే మొదలు. ఆ తర్వాత దాని మీద తువ్వాలు మడిచి వేసుకునేవాడు. వానాకాలం వచ్చినా ఆ తువ్వాలు తీయలేదు.

నవ్వాను గానీ, ఆయన చెప్పిన వాటిలో సగం నిజమని ఒప్పుకోవాలి. కొనకనమిట్ల వైపు ఒక బడికి ఎవరో చేసిచ్చిన బెంచీలు చూడటానికి ఆయనతో పోయాను. ఒక బెంచీ ఎత్తితే పైపలక చేతికి వచ్చింది, కాళ్లు నేల దగ్గర మట్టిగా రాలిపోయాయి. చెదలు. చెట్టు నడుమ ఉండే ఎర్రటి చేవ వదిలేసి, బయటి తెల్లకొయ్య వాడారు. చేవ లేని కొయ్యకు రంగు వేస్తే చెదపురుగు మోసపోదు, మనమే మోసపోతాం.

అట్లాగే పలకల వ్యాపారి ఒకాయన, తన దుకాణంలో పలకల కట్టలు పెట్టే అరలు నడుములు వంగిపోతున్నాయని నన్ను పిలిచాడు. టేకు చెక్కలే, మంచివే. కానీ మార్కాపురం రాయి బరువు రాత్రీ పగలూ సెలవు లేకుండా కూర్చుంటే ఏ కొయ్య అయినా వంగుతుంది. "ఇది నా పని కాదు, మా మామ పని," అని చెప్పి వచ్చాను. మామ ఇనుప కోణాలతో అరలు చేశాడు. అవి ఇప్పటికీ నిటారుగా ఉన్నాయని విన్నాను. నేనే వంగాను.

కదలకుండా ఒకచోట నిలబడి బరువు మోసేదానికి ఇనుము. మనిషి ఒంటికి తగిలేదానికి, ఎండకు వేడెక్కేచోట ఉండేదానికి చేవ ఉన్న కొయ్య. ఇంతవరకూ ఎవరైనా చెబుతారు. చాలాకాలం నేనూ ఇదే చెప్పి సరిపెట్టాను. మిగతా సంగతి పెద్దారవీడు అవతల, కొండ కింది ఊళ్లో ఒక ముసలామె నేర్పింది.

నాగమ్మవ్వ అడిగింది ఒకటే

ఆమె పేరు నాగమ్మ. పెద్దకొడుకు కాశిరెడ్డి మెట్ట సేద్యగాడు. అవ్వ భారీ మనిషి. వయసులో ఉన్నప్పుడు బస్తా ఎత్తి బండిలో వేసేదట. అప్పటికే రెండు మంచాలు ఆమె కింద విరిగాయి. కొత్త మంచం కోసం కాశిరెడ్డి షాపుకు వస్తే, కొలత తీసుకోవాలని నేనూ మామా ఊరికి పోయాం.

"ఆచారీ, నాకు మెత్తగా వద్దు, అందంగా వద్దు," అంది అవ్వ. "తెల్లారి లేచేటప్పుడు ఎవురి చెయ్యీ పట్టుకోకుండా లేవాల. అంతే."

"ఇంటినిండా ఇంతమందిమి ఉండాం, పట్టుకోమా అమ్మా?" అన్నాడు కాశిరెడ్డి.

"ఎందుకు పట్టుకోరు నాయనా! ఈ పొద్దు పిలవకముందే వస్తారు. రేపు పిలిస్తే వస్తారు. ఎల్లుండి పిలిస్తే 'ఉండు, వస్తాండా' అంటారు. ఆ 'ఉండు' వినకముందే నా అంతట నేను లేవాల."

కోడళ్లిద్దరూ మొహాలు చూసుకున్నారు. కొడుకు నవ్వేశాడు. నేను ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, పాదం నేలకు పూర్తిగా ఆనేచోటికి కర్ర పెట్టి గుర్తు గీసుకున్నాను. వేప చేవతో లావు కోళ్లు, అంటే మంచం కాళ్లు, ఆ గుర్తుకే చేస్తానన్నాను.

కాశిరెడ్డికి అది నచ్చలేదు. "కొయ్యవి రెండు ఇరిగినాయి గదా ఆచారీ. కర్నూలు ఆస్పత్రిలో చూసినా, ఇనుప మంచాలు. ఏనుగు పండుకున్నా చెక్కుచెదరవు."

"ఇనుప మంచమా!" అంది అవ్వ. "నన్ను శనీశ్వరుడి ఒళ్లో పండుకోబెడతావంట్రా?"

"నీ ట్రంకుపెట్టె ఇనుమే గదమ్మా. దాంట్లో చీరలు పెట్టుకోలా?"

"చీరలకు నడుంనొప్పి ఉండదు గదరా."

కొడుకే గెలిచాడు. తల్లి మీద ప్రేమతోనే గెలిచాడు, అదే చిక్కు. అదీగాక ఆయనకు ఇంకో రెండు కోరికలు. మంచం కింద విత్తనపు బస్తాలు పట్టాలి, కాబట్టి ఎత్తుగా ఉండాలి. అవ్వ పక్కకు తిరిగినప్పుడు కిర్రుమనకూడదు, కాబట్టి బోల్టులు వద్దు. మా షాపు నుంచి పోయే మొదటి ఇనుప మంచమని సూపర్‌వైజరు గారు సంబరపడ్డాడు. నేను గీసుకున్న గుర్తు కర్ర మీదే ఉండిపోయింది.

అప్పటికి మా వైపు వెల్డింగు లేదు. ముక్కలుగా చేసి బండిలో వేసుకుపోయి, వాళ్ల వాకిట్లో చిన్న కొలిమి పెట్టాం. మామ రివెట్లు ఎర్రగా కాల్చి, పటకారుతో పట్టుకుని గదిలోకి పరుగెత్తి, అక్కడే కొట్టి బిగించాడు. ఆ గదిలోనే పుట్టిన మంచం అది. తలవైపు కమ్మీలు, కాళ్లవైపు కమ్మీలు. కాశిరెడ్డి పట్టుకుని ఊపాడు. చప్పుడు లేదు.

"మిద్దె కదిలినా ఇది కదలదు!" అన్నాడు.

అందరం నవ్వాం. అది పొగడ్తే అనుకున్నాం.

కదలని మంచం

వానలు మొదలయ్యాక కబురు వచ్చింది. మంచం మీద కూర్చుంటే అవ్వ కాళ్లు గాలిలో వేలాడుతున్నాయి. దిగాలన్నా ఎక్కాలన్నా ఇద్దరు కోడళ్లు పట్టుకోవాలి. తను వద్దన్నదే ఆమె నెత్తిన పడింది. "కాళ్లు కోసేదానికి ఆచారులను రమ్మను," అని చెప్పి పంపిందట. కబురు తెచ్చినవాడు 'మంచానికి' అనే మాట మింగేశాడు. మేం వైద్యులమా అని కాసేపు బిత్తరపోయాం.

ఇనుము కోసే రంపం తీసుకుని నేనూ మామా బయలుదేరాం. ఊరికీ రోడ్డుకూ మధ్య వాగు ఉంది. మోకాళ్లకు పైన నీళ్లు. దాటి వీధిలోకి వచ్చేసరికి కాశిరెడ్డి వాకిట్లో జనం.

ఆ పొద్దున కోడళ్లిద్దరూ ఇంటి పనిలో మునిగి ఉన్నారు. అవ్వ ఒకసారి పిలిచింది. "ఉండత్తా, వస్తాండా," అని జవాబు వచ్చింది. అవ్వ రెండోసారి పిలవలేదు. తనే దిగబోయింది. నేల అందలేదు. పడింది. నలుగురు పట్టి మళ్లీ ఆ మంచం మీదే పడుకోబెట్టారు. తుంటి దగ్గర తాకనివ్వడం లేదు.

ఊళ్లో మందులిచ్చే కాంపౌండరు చూసి, "ఇది నా చేతిలో పని కాదు, మార్కాపురం ఆస్పత్రికి పోవాల. కుదపొద్దు," అన్నాడు. బండి కడితే ఆ బాట కుదుపుకు ప్రాణం పోతుంది. కొండ కింది ఊళ్లకు అప్పట్లో ఆస్పత్రి బండి అంటే మంచమే. మనిషిని పడుకోబెట్టి, నలుగురు నాలుగు కోళ్లు భుజానికెత్తుకుని రోడ్డు దాకా నడుస్తారు. ఎవరి ఇంట్లో జబ్బు చేసినా అంతే. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, మాకూ తెలుసు. మంచం చేసేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

ఇనుప మంచాన్ని ఎనిమిదిమంది పట్టుకుని కదిలించబోయారు. జానెడు జరిగింది. వాకిలి చూస్తే ఇరుకు, మంచం వెడల్పు. అవ్వను బొంత మీదికి దించి, మంచాన్ని పక్కకు తిప్పి చూశారు. కమ్మీలు గోడకు తగిలాయి. మామ రంపం బయటికి తీశాడు, రివెట్లను తడిమి చూశాడు.

"పొద్దు గుంకుతాది అల్లుడా," అన్నాడు మెల్లగా. "నేను కొట్టిన రివెట్టు తొందరగా తెగదు." ఎప్పుడూ గొప్పగా చెప్పుకునే మాట. ఆ రోజు గొంతు వేరు.

పక్కింటి నులక మంచం తెచ్చారు. బొంత నాలుగు కొసలూ పట్టి అవ్వను దాని మీదికి చేర్చి భుజాలకెత్తారు. గడప దాటకముందే పట్టె ఫెళ్లుమంది. అందరం చేతులు అడ్డం పెట్టి ఆపాం గనక సరిపోయింది. మళ్లీ నేల మీదికే దించాం. మోసే ఇనుము కదలదు, కదిలే కొయ్య మోయలేదు. నేను నేర్చిన పనితనమంతా ఆ గడపలో నోరు తెరిచి నిలబడింది.

కాశిరెడ్డి తల పట్టుకుని కూలబడ్డాడు. "నీ కోసమే గదమ్మా చేయించినా..."

"ఏడిస్తే తర్వాత ఏడుద్దువులే," అంది అవ్వ పళ్లు బిగబట్టి. "ఆ తలుపు పైకెత్తండి."

మాకు అర్థం కాలేదు.

"తలుపురా! పైకెత్తితే ఊడొస్తాది. కళ్లం దినాల్లో బస్తాలు లోపలికి చేర్చేదానికి నేను ఎన్నిసార్లు తీయించలే?"

పాతకాలపు తలుపు అది. బందులు లేవు. రెక్కకు పైనా కిందా గుండ్రటి మొనలు, అవి తిరగడానికి గడపలోనూ పైన ద్వారబంధంలోనూ గుంటలు. రెక్కను కొంచెం పైకెత్తి కింది మొన తప్పిస్తే మొత్తం చేతిలోకి వస్తుంది. ఎత్తాం. వచ్చింది. లావు వేప పలకలు, వెనక అడ్డకర్రలు, వాటిని పట్టి ఉంచిన ఇనుప పట్టీలు. ఎవరో వడ్రంగి, ఎవరో కమ్మరి, మా నాయనా మామా పుట్టకముందే వాదించుకోకుండా కలిసి చేసిన పని. దాని కింద రెండు వాసాలు కట్టి, పైన బొంతతో సహా అవ్వను పడుకోబెట్టాం.

ఎనిమిదిమంది ఎత్తారు. తలుపు కిక్కురుమనలేదు.

ఆడవాళ్లు ఏడుపు మొదలుపెట్టారు. అవ్వ తల తిప్పి చూసింది. "నలుగురు మోయాల్సిన దాన్ని ఎనిమిదిమంది మోస్తాండారు, నా మర్యాద చూసి సంతోషపడక ఏడుపెందుకే? నేనింకా ఉండా."

వాగులో మామ ముందు నడిచి, కర్రతో లోతు చూస్తూ దారి చూపాడు. నేను ఒక వాసం కింద భుజం పెట్టాను. వడ్రంగి భుజం రంపానికి అలవాటు, బరువుకు కాదు. ఆ రోజు నుంచీ నా కుడి భుజం వాన వచ్చే ముందు నాకు చెబుతుంది. అయితే ఆ భుజం మీదే నాకు తెలిసి వచ్చింది, మంచానికి నేను తీసుకోని కొలత ఒకటి ఉందని.

రోడ్డు మీద బస్సు జాడ లేదు. పలకల లారీ ఒకటి మార్కాపురం పోతూ ఆగింది. డ్రైవరు దిగి వచ్చి, "పలకల కట్టల మీద పెట్టాల్సి వస్తాది అవ్వా, పర్లేదా?" అని అడిగాడు.

"చిన్నప్పుడు పలక పట్టనీయలే మా నాయన," అంది అవ్వ. "ఈ పొద్దన్నా పట్టనీ."

లారీ కదిలాక కాశిరెడ్డి తల్లి చెయ్యి పట్టుకుని తలుపు పక్కనే కూర్చున్నాడు. ఆ తలుపు తిరిగి వచ్చేదాకా వాళ్ల ఇంటికి వాకిలి మాత్రమే ఉంది.

ఊడొచ్చేదే గట్టిది

మార్కాపురం నుంచి కర్నూలు పంపారు. అవ్వ ఎప్పుడొస్తుందో, నడుస్తుందో లేదో తెలియదు. నేను జరిగిందంతా సూపర్‌వైజరు గారికి చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన లేచి, తన ఇనుప కుర్చీ కాళ్ల దగ్గరి రివెట్లను ఒక్కొక్కటే తడిమి చూశాడు.

"ఊడదీయడానికి వీల్లేనిదేదీ ఇకమీదట మన షాపు గడప దాటకూడదండి," అన్నాడు చివరికి. "చెక్కైనా సరే, ఇనుమైనా సరే."

నా ఉద్యోగంలో నేను చూసిన ఆర్డర్లలో మనసారా పాటించింది అదొక్కటే. నాకు రావాల్సిన మాట ఆయనకు వచ్చింది. నాకు కాస్త అసూయగా కూడా అనిపించింది.

ఆ సాయంత్రం షాపు నుంచి ఇంటికి నడుస్తూ మామ అన్నాడు: "మీ కొయ్యే గెలిచింది అల్లుడా. మీ నాయనకు చెప్పొద్దు."

"కొయ్య గెలవలేదు మామా. నులక మంచం కొయ్య కాదా? ఊడొచ్చేది గెలిచింది."

కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. మంచం అడిగినవాణ్ణి పడుకునే పొడవు అడగండి, ఆ తర్వాత వాకిలి కొలత తీసుకోండి. అవసరం పడితే ఆ మంచం మోయాల్సినవాళ్లెవరో అడగండి. పచ్చికొయ్య వాడొద్దు, మా ఎండలకు అది ఎండి కుసులు, అంటే అతుకుల్లో దూర్చే కొయ్య మొనలు, వదులవుతాయి. ఇనుముకు పదును అంచులు వదలొద్దు, ముసలివాళ్ల చర్మం కాగితం. అన్నిటికంటే ముందు, ఆ వస్తువు వాడే మనిషికి ఒక్క కోరిక ఉంటుంది. డబ్బు పెట్టేవాడి మాటల కింద అది అణిగిపోతుంది. దాన్ని వెతికి పట్టుకోండి. మిగతాదంతా చిత్రిక పట్టడమే.

అవ్వ వచ్చింది. చలికాలం పోతుండగా, చేతికర్రతో, ఒక కాలు ఈడుస్తూ వచ్చింది. వచ్చిన వారానికి మాకు కబురు. ఈసారి కాశిరెడ్డి నోరెత్తలేదు. నా దగ్గర దాచిన పాత కర్ర తీసి, దాని మీది గుర్తు ఆమె కాలికి మళ్లీ ఆనించి చూశాను. కోళ్లు, పట్టెలు వేప చేవతో చేశాను. మూలల్లో కుసుల మీద మామ ఇనుప పట్టీలు వేసి, బోల్టులు పెట్టాడు. నాలుగు బోల్టులు తిప్పితే మంచం ముక్కలవుతుంది. తలవైపు ఒక కోడు పైకి పొడిగించి, చెయ్యి పట్టేచోట నున్నగా చేశాను. అల్లిక నవారు. మంచం వాకిట్లోంచి లోపలికి పట్టించి, మళ్లీ బయటికి పట్టించి, లోపల పెట్టాం.

అవ్వ వెళ్లి కూర్చుంది. పాదాలు నేలకు ఆనాయి. అటూ ఇటూ కదిలింది. కిర్రుమంది.

"బోల్టుకు కొంచెం చప్పుడు ఉంటాదమ్మా," అన్నాడు మామ తప్పు చేసినవాడిలా.

"ఉండనీ, తోడుంటాది," అంది అవ్వ. తర్వాత కాళ్లు పైకి పెట్టుకుని పడుకుంది. "ఇప్పుడు ఎత్తండి."

"ఏంది?"

"ఎత్తి బయటికి మోయండి. చూడాల."

కోడళ్లు నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. బతికున్న మనిషిని, అందులోనూ ఇప్పుడిప్పుడే కోలుకున్న మనిషిని, మంచం మీద గడప దాటించడమా అని పక్కింటావిడ గట్టిగానే అనేసింది. కాశిరెడ్డి తల్లి వైపు తిరిగి, "అట్లాంటి మాట అనొద్దమ్మా," అన్నాడు.

"రేపెప్పుడో చేయాల్సిన పని, ఈ పొద్దు ఒకసారి సరిచూసుకుంటే తప్పేంది? పోయినసారి ఎవురూ సరిచూడలే. ఎత్తండి!"

నలుగురు వచ్చారు. కోళ్ల కింద భుజాలు పెట్టారు. మంచం లేచింది. గది దాటింది, నడవ దాటింది, గుంటల్లో మళ్లీ కూర్చున్న పాత తలుపు పక్క నుంచి, రెండు వైపులా బెత్తెడు సందు వదిలి, గడప దాటి వాకిట్లోకి వచ్చింది. అవ్వ పైనుంచి అటూ ఇటూ తల తిప్పి, వీధిలో ఎవరెవరు చూస్తున్నారో చూసుకుంది. తర్వాత, "దించండి," అంది.

దించారు. అవ్వ లేచి కూర్చుని కాళ్లు కింద పెట్టింది. రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాయి. పొడుగాటి కోడు మీద చెయ్యి వేసింది. కాశిరెడ్డి గబగబా ముందుకు వచ్చి చెయ్యి చాచాడు.

"ఉండు," అంది అవ్వ.

ఊపిరి ఒకసారి గట్టిగా పీల్చుకుంది. మంచం కిర్రుమంది. అవ్వ లేచి నిలబడింది. చేతికర్ర అందుకుని, వెనక్కి చూడకుండా, తన గడప తనే దాటి లోపలికి పోయింది. ఖాళీ మంచం ఎత్తుకుని నలుగురూ ఆమె వెనకే నడిచారు.